పేర్లు పెట్టే మేడం

మేడం గారి పెద్దకర్మ భోజనాల్లో మా అపార్టుమెంటు వాళ్ళు తమను తాము పరిచయం చేసుకున్న తీరు చూసి, గుంటూరు నుంచి వచ్చిన ఆవిడ తమ్ముడు గారికి ముద్ద దిగలేదు.

"నేను ఘటోత్కచుణ్ణి సార్, పైపుల పని" అన్నాడు ప్లంబరు.

"నేను ఉత్తరకుమారుణ్ణి" అన్నారు మా అసోసియేషన్ సెక్రటరీ సుబ్బారావు గారు, పప్పులో నెయ్యి కలుపుకుంటూ. "మేడం పెట్టిన పేరండీ. ఎంతైనా రాజకుమారుడు కదా."

ఆ తమ్ముడు గారు నావైపు తిరిగి, అడగనా వద్దా అన్నట్టు చూశారు. లెక్కల విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని, అబద్ధం చెప్పలేను. "చిత్రగుప్తుడు" అన్నాను. ఆయన మజ్జిగ పోయించుకుని త్వరగా లేచిపోయారు.

మేడం గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. రిటైరయ్యాక శంషాబాద్ దగ్గర సాతంరాయిలో మా అపార్టుమెంటు రెండో అంతస్తులో, సరిగ్గా నా గుమ్మానికి ఎదురుగా దిగారు. విమానాశ్రయం తెరిచిన ఏడాదే, రెండు వేల ఎనిమిదిలో. నా ఇంటి తలుపు తట్టి చెప్పిన మొదటి మాట ఇది: "వదినగారూ, మనుషుల్ని అర్థం చేసుకోవడానికి భారతం చదవక్కర్లేదండి. లిఫ్టులో నిలబడితే చాలు. భారతం ఎందుకు చదవాలంటే, లిఫ్టులో కనపడినవాళ్ళకి పేర్లు కావాలి కదా, అందుకు."

అన్నట్టే పెట్టారు. మా అపార్టుమెంటులో చేరినవాడు సామాన్లు దింపుకునేలోపు పురాణంలో అతని ఫ్లాటు నంబరు ఆవిడ తేల్చేసేవారు. శంషాబాద్ చుట్టుపక్కల అప్పుడు ఎక్కడ చూసినా ప్లాట్లే. తెల్లచొక్కా వేసుకుని సెల్లార్లోకి వచ్చిన ప్రతి బ్రోకరూ ఆవిడకి వామనుడు. "మూడడుగులే అడుగుతాడు, జాగ్రత్త" అని వాళ్ళ ఎదుటే చెప్పేవారు. పిల్లలు ఫేస్‌బుక్ చూపిస్తే, "ద్వాపరంలో విశ్వరూపం ఒక్కడే చూపించాడు, అదీ యుద్ధం ముంచుకొస్తే. ఇప్పుడు టిఫిను తిన్నా చూపిస్తున్నారు" అన్నారు. తీర్పు చెప్పడం అయిపోగానే కుడిచేతి బొటనవేలితో మిగతా వేళ్ళ కొసలు రుద్ది, ఉఫ్ అని ఊదేవారు. సుద్దముక్క పట్టుకోవడం మానేసి ఏళ్ళయినా ఆ సుద్దపొడి మాత్రం ఆవిడ వేళ్ళను వదల్లేదు.

ఆవిడకో సిద్ధాంతం ఉండేది. పురాణాల్లో ఎవరంటే ఇష్టమని మనిషిని అడగకూడదు, అందరూ రాముడనే చెబుతారు. ఎవరంటే ఒళ్ళు మండుతుందో అడగాలి. ఎవరి పేరు చెబితే వాళ్ళే మనలో కాపురం ఉన్నట్టు. సెక్రటరీ గారు శకుని అన్నారు. మేడం నవ్వి ఊరుకున్నారు గానీ, సెక్రటరీ గారి భార్య రమణమ్మ మాత్రం, "మా ఆయన సంగతి ఎంత బాగా కనిపెట్టారండీ" అని ఆ వారమంతా అంతస్తు అంతస్తుకీ తిరిగి చెప్పింది. ఇస్త్రీ చేసే యాదమ్మను అడిగితే, "నాకు ఎవ్వరి మీద కోపం లేదమ్మా, టైం యాడిది?" అంది. అదీ ఒక జబ్బేనన్నారు మేడం.

నేను ధర్మరాజు అన్నాను. చేతిలో ఎంత ఉందో చూసుకోకుండా పందెం కాసిన మనిషంటే నాకు పడదు.

"మీలో ఒక జూదరి ఉన్నాడు, వదినగారూ."

"నేను పుట్టి బుద్ధెరిగి లాటరీ టిక్కెట్టు కొనలేదు."

"అదే చెబుతున్నాను. కొంటే ఆగలేనని మీకు భయం."

ఆ మాటకి నేను కొన్నాళ్ళు వాళ్ళింటికి వెళ్ళలేదు. తర్వాత పగ తీర్చుకున్నాను కూడా. నూరుగురు కౌరవులకు నూరు రకాల మనోవ్యాధులున్నాయని ఆవిడ ఒకరోజు యాదమ్మ ముందు ఉపన్యాసం మొదలుపెడితే, పేర్లు చెప్పండి, రాసుకుంటానని కాగితం తీశాను. ఇరవై దాటలేదు.

"మిగతావాళ్ళో?" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం కూడా తడబడలేదు. "వాళ్ళు నార్మల్, వదినగారూ. అందుకే పేర్లు గుర్తుండవు."

కొత్త విమానాశ్రయం తెరిచిన రోజుల్లో ఆదివారం వస్తే చుట్టుపక్కల జనమంతా పులిహోర పొట్లాలు కట్టుకుని దాన్ని చూడటానికి వెళ్ళేవారు. టిక్కెట్టు లేనివాళ్ళను లోపలికి పోనివ్వరు గనక, బయట తిరిగి, అద్దాల్లోంచి చూసి, మెట్ల మీద తిని వచ్చేవారు. మేడం నన్నూ తీసుకెళ్ళారు. నున్నటి ఆ నేల, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో తెలియని ఆ అద్దాలు చూడగానే ఆవిడకి పూనకం వచ్చింది. ఇది మయసభ అన్నారు. దుర్యోధనుడికి మడుగులో పడ్డందుకు కోపం రాలేదట, పడ్డప్పుడు ఎవరో చూసినందుకు వచ్చిందట. ఈ కాలం వాళ్ళ బాధంతా అదేనట, పడటం కాదు, చూడబడటం. ఇదంతా నావైపు తిరిగి, వెనక్కి నడుస్తూ చెప్పి, గిరుక్కున తిరిగి, దానంతటదే తెరుచుకుంటుందనుకుని, తలుపు కాని అద్దానికి ముక్కు గుద్దుకున్నారు.

నేను నవ్వాను. ఆపుకోవడానికి ప్రయత్నించానని చెప్పను. కాపలా అతను కూడా నవ్వాడు.

ఆవిడ ముక్కు పట్టుకుని, కళ్ళజోడు సరిచేసుకుని, "ఒక ఆడది నవ్వినందుకు కురుక్షేత్రం జరిగింది, చూసుకోండి మరి" అన్నారు. తిరుగు బస్సులో మాట్లాడలేదు. ఇంటి దగ్గర దిగాక మాత్రం, "అయితే దుర్యోధనుడి గురించి నేను చెప్పింది కరెక్టే" అన్నారు. ముక్కు ఎర్రగా ఉంది. మొహంలో మాత్రం ప్రయోగం నెగ్గిన సంతోషం.

ఆవిడ ఎప్పుడూ కరెక్టే. ఒక్కసారి తప్ప. నేను రాయాలనుకున్నది ఆ ఒక్కసారి గురించే.

మూడో అంతస్తులో, మేడం గారికి సరిగ్గా పైన ఉన్న ఇంట్లోకి రెండు వేల పదకొండులో ఇద్దరు ఆడపిల్లలు అద్దెకు వచ్చారు. రజితది షాద్‌నగర్ అవతల పల్లె. నస్రీన్‌ది జల్‌పల్లి. ఇద్దరూ విమానాశ్రయంలో టిక్కెట్లు, సామాన్లు చూసే కౌంటర్లలో పనిచేసేవారు. వాళ్ళ డ్యూటీలు మన గడియారానికి లొంగవు. ఒక వారం సాయంత్రం వెళ్ళి తెల్లవారాక వస్తే, ఇంకో వారం అందరూ పడుకున్నాక ఆఫీసు కారు వచ్చి తీసుకెళ్ళేది. సాయంత్రం అయిదింటికి మెట్ల మీద ఎదురై, నిద్రమొహంతో "గుడ్ మార్నింగ్ మేడం" అనేవారు.

మొదటి వారంలోనే మేడం వాళ్ళకు "నిశాచరులు" అని పేరు పెట్టారు. అది ముద్దుగా పెట్టిందే. ఆ పిల్లలే ఒకళ్ళనొకళ్ళు "ఏయ్ నిశాచరీ, తాళంచెవి యాడ వెట్టినవ్?" అని పిలుచుకుంటుంటే నేను విన్నాను.

అయితే మా అపార్టుమెంటులో మాట కూడా లిఫ్టులాంటిదే. ఆగిన ప్రతి అంతస్తులోనూ ఒకళ్ళు ఎక్కుతారు. రెండో అంతస్తులో ముద్దుగా బయలుదేరిన మాట పాలవాడితో కిందికి దిగి, రమణమ్మ గారి వంటింట్లో కొన్నాళ్ళు కూర్చుని, కారు ఎవరిదో, డ్రైవరు ఎవరో అన్న అనుమానాలన్నీ వెంటేసుకుని తిరిగి పైకి వచ్చేసరికి దానికి నవ్వడం రాదు. ఒకరోజు లిఫ్టు పక్కన బోర్డు మీద నోటీసు వేలాడింది. మూడో అంతస్తులోని నిశాచరుల గురించి, వారి ప్రవర్తన వల్ల కుటుంబాలకు కలుగుతున్న ఇబ్బంది గురించి, ఇల్లు ఖాళీ చేయించే విషయం గురించి ఆదివారం సమావేశం. కింద సెక్రటరీ గారి సంతకం.

మేడం, నేను కూరగాయలు తెచ్చుకుంటూ చూశాం. ఆవిడ కళ్ళజోడు ఎత్తి చదివి, "అరె, ఇది నా మాట" అన్నారు. పేపర్లో తన వ్యాసం అచ్చయినట్టు మొహం వెలిగింది. తర్వాత మిగతాది చదివారు. సంచీలోంచి బెండకాయలు కిందపడితే నేనే ఏరాను.

ఆ సాయంత్రం రజిత నా దగ్గరికి వచ్చింది. అసోసియేషన్ లెక్కలు, సమావేశాల మినిట్సు రాసేది నేనే గనక, నా చేతిలో ఏదో ఉందనుకుంది. మేడం అప్పటికే నా ఇంట్లో కూర్చుని ఉన్నారు.

"ఆంటీ, సెక్రటరీ సార్ మా బాపుకు ఫోన్ చేసిండంట. బాపు ఆదివారం వస్తుండు" అంది.

"రానీయమ్మా, మాట్లాడదాం" అన్నాను.

"మీకు ఎర్క లేదాంటీ. ఫ్యామిలీలుండే బిల్డింగు, పెద్దోళ్ళుంటరు అంటేనే నౌకరికి పంపిండు. ఖాళీ చెయ్యమన్నరంటే ఇంకో రూమ్ సూడడు. సీదా ఇంటికి తీస్కపోతడు. ఇగ నౌకరి లేదు, ఏం లేదు." వెళ్ళబోతూ గుమ్మంలో వెనక్కి తిరిగి, "మమ్ముల నిశాచరులు అంటున్నరంట గదా అని అడిగిండు ఫోన్ల. ఏం జెప్పాలె? మేమే నవ్వుకుంట పిలుసుకున్నం" అంది.

మేడం ఏమీ అనలేదు. రజిత వెళ్ళాక కూడా అనలేదు. ఆవిడ అంతసేపు ఊరుకోవడం నేను చూసింది ఆ విమానాశ్రయం బస్సులో ఒక్కసారే.

ఆదివారం పొద్దున సెల్లార్లో కుర్చీలు వేశారు. గాలి మా వైపు తిరిగిన రోజుల్లో విమానాలు మా నెత్తిమీదుగానే దిగుతాయి. ఆ చప్పుడుకి మాట వినపడదు గనక, మాట్లాడుతున్నవాళ్ళు తెరిచిన నోరు తెరిచినట్టే ఆగి, విమానం దాటాక అదే వాక్యంలో మిగిలిన సగం పూర్తిచేస్తారు. కొత్తవాళ్ళు భయపడతారు గానీ మాకు అలవాటే.

"ఈ అమ్మాయిల గురించి మనందరి అభిప్రాయం..." అని సెక్రటరీ గారు ఆగారు. విమానం దాటింది. "...ఒకటేనని అనుకుంటున్నాను."

రజిత స్తంభం పక్కన నిలబడి ఉంది. నస్రీన్ పొద్దున్నే డ్యూటీ దిగి పైన నిద్రపోతోంది. తన విచారణ తాను లేకుండానే జరుగుతోంది.

మేడం లేచారు. అహల్య కథ ఎత్తుకున్నారు. ఆ కథలో దొంగకోడి కూత విని, తెల్లవారిందనుకుని గౌతముడు నదికి పోయాడు. అంటే నేరమంతా పొద్దెప్పుడో తెలియకపోవడంలో ఉంది. ఈ పిల్లలకు ఏ కోడీ కూయదు, విమానం దిగినప్పుడే వాళ్ళకు పొద్దు. "మన గడియారంతో వాళ్ళ శీలాన్ని కొలుస్తామా?" అని అడిగి, వేళ్ళు రుద్దుకుని ఊదారు. బాగానే చెప్పారు. నేనైతే అక్కడితో మినిట్సు ముగించేదాన్ని.

"అది సరే మేడం" అన్నారు సెక్రటరీ గారు. "నిశాచరులని అన్నది మీరే కదా?"

"హాస్యానికి అన్నాను."

"మీరు హాస్యానికి అన్నవన్నీ నిజాలే కదండీ" అంది రమణమ్మ. "మా ఆయన్ని మీరు అన్నది అక్షరాలా నిజం. పక్కింటావిడని మంథర అన్నారు, అదీ నిజం."

"ఎవరినీ?" అంది పక్కింటావిడ.

"ఇవన్నీ నిజమై, అదొక్కటీ అబద్ధం ఎలా అవుతుందండీ?" అంది రమణమ్మ.

అందరూ తలలూపారు. మేడం ఇరుక్కుపోయారు. ఆవిడ ఎప్పుడూ కరెక్టే కావడం వల్ల వచ్చిన చిక్కు అది. ఆవిడ నా వైపు చూశారు, నేను కాగితం వైపు చూశాను. చివరికి దారి తోచక తన పాత ప్రశ్ననే పట్టుకున్నారు. రజిత వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా. పురాణంలో ఎవరంటే నీకు ఒళ్ళు మండుతుంది?" అన్నారు.

రజిత కొంచెం ఆలోచించింది. "సీతమ్మ" అంది.

సెల్లారంతా గొణుగుడు మొదలైంది. సీతమ్మ మీద కోపమేమిటని రమణమ్మ చెంపలు వేసుకుంది.

"ఎందుకమ్మా?"

"పొమ్మంటే పోయింది గదా మేడం. ఒక్క మాట అనలే. ఎవడో బజార్ల అన్న మాటకు ఇల్లు ఖాళీ చేసింది. మల్ల రమ్మంటే, భూమిలకే పోయింది."

మేడం సిద్ధాంతం ప్రకారం తర్వాతి మాట ఏమిటో మాకందరికీ తెలుసు. ఎవరి మీద కోపమో వాళ్ళే మనలో ఉంటారు. ఆ మాట ఆవిడ నోటిదాకా వచ్చింది. "అంటే నువ్వు కూడా..." అన్నారు.

"సామాన్లు కట్టిపెట్టిన మేడం" అంది రజిత.

ఆవిడ బొటనవేలు వేళ్ళ కొసల మీద ఆగిపోయింది. ఊదలేదు.

"నేను జీవితమంతా మనసుల గురించి పాఠాలు చెప్పాను" అన్నారు, సెక్రటరీ గారి వైపు చూసి. "ఈ పిల్ల నా నెత్తిమీదే ఉంటుంది. ఎప్పుడు నిద్రపోతుందో, వండుకునే ఓపిక ఉంటుందో లేదో నేను అడగలేదు. పేరు మాత్రం పెట్టాను. ఆ పేరు తప్పు. మీరు దాన్ని తీసుకెళ్ళి బోర్డుకు తగిలించారు. మీకు పెట్టిన పేర్లు కూడా తప్పే. అన్నీ వెనక్కి తీసుకుంటున్నాను."

సెక్రటరీ గారి మొహం వాడిపోయింది. "అంటే నేను ఉత్తరకుమారుణ్ణి కాదా?"

"కాదు."

"మరి నేనెవర్నండీ?"

"సెక్రటరీ."

ఆయన కూర్చున్నారు. పక్కింటావిడ ఒక్కర్తే కాస్త సంతోషంగా కనపడింది.

అప్పుడు చూశాం, స్కూటర్ల పక్కన భుజాన సంచీతో ఒకాయన నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. రజిత "బాపూ" అంది గానీ కదల్లేదు.

"నమస్తె. రజితోళ్ళ నాయనను" అన్నాడాయన. ఎవరో కుర్చీ జరిపారు, కూర్చోలేదు. "ఇక్కడ పెద్దోళ్ళెవరు?"

అందరం సెక్రటరీ గారి వైపు చూశాం. సెక్రటరీ గారు భార్య వైపు చూశారు. మేడం చెయ్యెత్తారు, క్లాసులో పిల్లలు ఎత్తినట్టు. "నేను."

"మీరు మా పిల్లకు ఏమైతరు?"

సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. ఆవిడకు ఆలోచించుకోవడానికి అంత వ్యవధి ఎప్పుడూ దొరికి ఉండదు. లంకలో సీతకు కాపలా ఉండి ధైర్యం చెప్పిన త్రిజట ఉంది, ఆశ్రమంలో చీర ఇచ్చి పంపిన అనసూయ ఉంది. నాకే ఇద్దరు తట్టారు, ఆవిడకి ఎంతమంది తట్టి ఉంటారో. అందరం నోళ్ళు తెరుచుకుని ఎదురుచూశాం. విమానం దాటిపోయింది.

"కింద ఇంటావిడని" అన్నారు మేడం.

ఆయన ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టు ఆగాడు. "ఎప్పుడూ ఇంట్లనే ఉంటరా?"

"రిటైరయ్యాను. ఎక్కడికీ పోను."

"పిల్ల డ్యూటీ నుంచి ఒస్తె మీకు తెలుస్తదా?"

"తెలుస్తుంది. చెప్పుల చప్పుడు నాకు వినపడుతుంది."

"అయితె ఇగ మంచిదే." సంచీ దింపి కుర్చీలో కూర్చున్నాడు. "పిల్ల తప్పు జేస్తె నాకు ఫోన్ జెయ్యుండ్రి. ఒస్త. ఆ గోడ మీద కాయితం జర తీసెయ్యుండ్రి, ఒచ్చేటోళ్ళు పోయేటోళ్ళు సదువుతున్నరు."

సెక్రటరీ గారు స్వయంగా వెళ్ళి నోటీసు తీసేశారు. మినిట్సులో ఏం రాయమంటారని నేను అడిగితే, "జరిగిందే రాయండి" అన్నారు నీరసంగా. మూడో అంతస్తు గురించి చర్చ జరిగిందని, వాళ్ళు అక్కడే ఉంటారని రాశాను.

అంతలో నస్రీన్ కళ్ళు నులుముకుంటూ మెట్లు దిగి వచ్చింది. చున్నీ తిరగేసి వేసుకుంది. "మీటింగ్ అయిందా ఆంటీ? ఇల్లు ఉందా, పోయిందా? జల్ది చెప్పుండ్రి, పోయి పండుకుంట."

"ఉందమ్మా, పడుకో" అన్నాను. మళ్ళీ పైకి వెళ్ళిపోయింది.

రజిత తండ్రి, తప్పు జరిగితే చెయ్యమన్న ఆ ఫోను కోసం ఆగలేదు. ప్రతి శనివారం తనే మేడం గారికి చేసేవాడు. "పిల్ల తిన్నదా?" అనేది ఆయన ఒకే ఒక ప్రశ్న. దానికి జవాబు తెలియక మొదటి వారం ఆవిడ ఫోను పట్టుకునే మెట్లెక్కి అడిగి వచ్చారు. రెండో వారానికి ముందే కనుక్కుని ఉంచుకున్నారు. ఆ తర్వాత అన్నం గిన్నె పైకి పంపడం మొదలుపెట్టారు. ఆవిడ వంట గురించి నాకు తెలుసు గనక ఆ పిల్లల ఆరోగ్యం గురించి నేను భయపడ్డాను. నస్రీన్ మాత్రం, "సాంబార్ల ఉప్పు మస్తుంది మేడం, నిద్ర రాదు, డ్యూటీకి మంచిగ పనికొస్తది" అని మొహం మీదే చెప్పి గిన్నె ఖాళీ చేసేది.

పేర్లు పెట్టడం ఆవిడ మానేశారని చెబితే అబద్ధమవుతుంది. వారం తిరక్కుండానే సెక్రటరీ గారు వచ్చి, తన పేరు తనకు ఇప్పించమని బతిమాలుకుని తీసుకెళ్ళారు. ప్లంబరూ అంతే. అడిగినవాళ్ళకు ఇచ్చేవారు. అడగనివాళ్ళ జోలికి వెళ్ళేవారు కాదు. నాది నేను అడగలేదు, ఆవిడ కూడా వెనక్కి తీసుకోవడం మరిచిపోయినట్టు నటించారు.

ఆ మరుసటి ఏడాది మొదటి అంతస్తులోకి కొత్త కుటుంబం దిగింది. ఆ ఇంటావిడ లిఫ్టులో మమ్మల్ని పట్టుకుని, తన అంతస్తు వచ్చినా దిగకుండా, గొంతు తగ్గించి, "పైన ఇద్దరు అమ్మాయిలు ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ పోతూ ఉంటారు, ఎవరండీ వాళ్ళు?" అని అడిగింది.

మేడం కళ్ళు మెరిశాయి. పెదవి కదిలింది. ఎన్ని యుగాల నుంచి ఎన్ని పేర్లు వచ్చి ఆ నాలుక మీద నిలబడ్డాయో నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. లిఫ్టు రెండో అంతస్తులో ఆగింది.

"ఎయిర్‌పోర్టులో ఉద్యోగం చేస్తారు" అన్నారు ఆవిడ. "నా పైన ఉంటారు."

అని దిగి, తాళం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.